బొట్టు చాటున మూడో చుక్క

నేను ఒక టీవీని. గోడకు తగిలించే రకం. నల్లటి చట్రం, నిలువెత్తు గర్వమేమీ లేని మధ్యస్థమైన ఒళ్ళు. నా చట్రం మీద కుడి పక్కన ఎప్పుడూ ఒక కుంకుమ బొట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, దేవుడి పటానికి పెట్టినట్టు టీవీకి బొట్టేమిటని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. ఆ బొట్టు నాకు నగ కంటే ఎక్కువ.

నన్ను చేసిందెవరో నాకు సరిగా తెలియదు. ఒకరని చెప్పలేను. పొడుగాటి బల్ల మీద సాగిపోతుంటే ఎన్నో చేతులు నన్ను తాకాయి. చివర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నా ముఖం నిండా ముందు ఎరుపు వెలిగించింది, తరవాత ఆకుపచ్చ, తరవాత నీలం. ప్రతి రంగునూ మూల మూలా చూసి తలూపింది. పుట్టగానే నాకు జరిగింది కూడా పరీక్షే అన్నమాట. ఆ తలూపడమే నాకందిన మొదటి ఆశీర్వాదమని ఇప్పటికీ అనుకుంటాను. మనుషులకు కూడా అలా పుట్టగానే ఎవరో ఒకరు అన్ని రంగులూ చూసి పంపిస్తారా, లేక చూడకుండానే పంపేస్తారా అన్నది మాత్రం నాకు తేలలేదు.

నా మొదటి కొలువు అనకాపల్లి దగ్గర ఒక కల్యాణమండపంలో. పెళ్ళి మేడమీద, భోజనాలు కింద. పంక్తిలో కూర్చున్నవాళ్ళకు పైన ఏం జరుగుతోందో కనిపించాలని నన్ను భోజనాల హాలు గోడకు బిగించారు. మనిషి చిత్రమైనవాడు. పెళ్ళికని బయల్దేరతాడు, తిన్నగా భోజనానికి వెళతాడు, అక్కడ కూర్చుని పెళ్ళి ఏమైందోనని కంగారు పడతాడు. జీలకర్ర బెల్లం వేళకు సన్నాయి జోరందుకోగానే, పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఎడం చేత్తో అక్షతలు తీసి నా మీదకే విసిరేవాళ్ళు. వధూవరుల మీద పడాల్సిన అక్షతలు ఎన్నో నా ముఖాన పడ్డాయి. అవి అసలు చోటికి చేరినట్టా కాదా అని ఆలోచించేదాన్ని. విసిరినవాళ్ళ మనసులో ఏ అనుమానమూ లేదు గనక చేరినట్టేనని సర్దుకున్నాను. తనకు కనబడని చోట ఏం జరుగుతోందో మనిషికి చూపించడమే నా పని అని అక్కడే నేర్చుకున్నాను. ఆ మండపానికి నేను రుణపడి ఉన్నాను.

తరవాత మండపం వాళ్ళు గోడంత తెర కొనుక్కున్నారు. నేను పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడి నుంచి ఒక వాన రోజున మంగవేణి నన్ను ఆటోలో, తన చున్నీ కప్పి, విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు తీసుకొచ్చింది.

మంగవేణి ఆ ఆఫీసులో టెస్టరు. అంటే, ఇతరులు రాసిన ప్రోగ్రాము సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించే మనిషి. ప్రోగ్రాము రాసేవాడు ధనుంజయ్. నోటి నిండా వేళాకోళం, చేతి నిండా పనితనం. ఆఫీసు యజమాని సోమయాజులు గారు. నుదుట విభూతి, బల్ల మీద పంచాంగం, దాని పక్కనే కంప్యూటరు. వాళ్ళు చేసే సాఫ్ట్‌వేర్ డయాలసిస్ కేంద్రాలకు. మూత్రపిండాలు పనిచేయనివాళ్ళు వారానికి కొన్ని సార్లు వచ్చి గంటల తరబడి యంత్రం పక్కన కుర్చీలో ఒరిగి రక్తం శుభ్రం చేయించుకుంటారు. ఎవరు ఏ రోజు, ఏ వేళకు, ఏ కుర్చీలో కూర్చోవాలో చెప్పేది వీళ్ళ ప్రోగ్రామే.

సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. మండపంలో వంట చూశాను గనక అలా పోల్చుకున్నాను. ప్రోగ్రామును మూడు చోట్ల పరీక్షిస్తారు. మొదటిది ధనుంజయ్ కంప్యూటరు. అది వంటశాల. రెండోది ఆఫీసులోనే విడిగా ఉన్న పరీక్ష యంత్రం. అది రుచి చూసే గిన్నె. మూడోది కేంద్రం వాళ్ళు వాడే ఏర్పాటుకు అచ్చంగా నకలు, ఏదో దూరదేశంలో అద్దెకు తీసుకున్న యంత్రంలో ఉంటుంది. దాన్ని అందరూ 'నకలు' అనే అంటారు. అది విస్తరి. వంటశాలలో బాగున్న పులుసు విస్తట్లోకి వచ్చేసరికి చల్లారిపోవచ్చు గదా. అందుకని మూడు చోట్లా చూడాలి.

చూసేది మనిషి కూడా కాదు. మంగవేణి రాసిపెట్టిన పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. ధనుంజయ్ ఏ చిన్న మార్పు చేసినా చాలు, ఉత్తుత్తి రోగులు బయల్దేరి వస్తారు, ఉత్తుత్తి కుర్చీలు అడుగుతారు, దొరికితే కూర్చుంటారు, దొరకకపోతే తప్పు అని రాసి పోతారు. చిక్కల్లా ఆ రాసింది ఎవరికీ కనబడకపోవడమే. ఒక చోటి ఫలితం ధనుంజయ్ కంప్యూటర్లో, ఇంకో చోటిది ఎవరూ తెరవని ఉత్తరాల్లో, మూడోది అడిగితే తప్ప చెప్పని యంత్రంలో. అందుకని ఆ ఆఫీసులో ఒక మాట చలామణీలో ఉండేది. "మా దగ్గర పాసైంది." తప్పు ఎక్కడ బయటపడినా ముందుగా వినిపించేది అదే. అబద్ధం కాదు, అందుకే మరీ చిక్కు.

నేను రావడానికి కారణం అలాంటి ఒక మాటే. ఆ సంగతి మంగవేణి ధనుంజయ్‌తో నా ఎదుటే చెప్పింది. ఆమె మేనమామ గౌరునాయుడికి డయాలసిస్. తెల్లవారుజామున నడిచే మొదటి విడతలో ఆయన కుర్చీ. కొత్త ప్రోగ్రాము పెట్టిన మర్నాడు, చీకటితో ఆటో ఎక్కి కేంద్రానికి వెళితే పేరు లేదన్నారు. గంట తరవాత ఆమెకు ఫోను చేశాడట.

"నిన్న రాలేదేటని అడుగుతన్నారమ్మా. ఇయ్యాల్టికి నా పేరు లేదంట. నిన్నటికుందంట. నాను ఇయ్యాల్నే కదేటమ్మా ఒచ్చినాను?"

ఉబ్బిన పాదాలతో అదే ఆటోలో తిరిగి వచ్చి, సాయంత్రానికి ఊపిరి అందక, బతిమాలితే రాత్రి విడతలో ఎక్కించారట. కేంద్రం వాళ్ళు ఆ ప్రోగ్రామును పక్కన పెట్టి మళ్ళీ చేత్తో రాసుకోవడం మొదలుపెట్టారు. కారణం తరవాత తేలింది. కేంద్రం యంత్రం ఉన్నది దూరదేశంలో. దాని గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక. మనకు తెల్లవారుజాము అయిదంటే దానికి ఇంకా నిన్నటి రాత్రి. అందుకే మొదటి విడత వాళ్ళందరూ నిన్నటివాళ్ళయిపోయారు. వంటశాలలోనూ రుచి గిన్నెలోనూ గడియారం మనదే గనక అక్కడ ఏ తప్పూ లేదు. నకలులో తప్పు పడింది. ఎవరూ చూడలేదు.

మంగవేణి ఎవరినీ నిందించలేదు. సోమయాజులు గారి దగ్గరికెళ్ళి, "సార్, మూడు చోట్ల ఏం జరిగిందో ఒక్కచోట, అందరికీ కనబడాలి. నాకు గోడ మీద ఒక టీవీ కావాలి" అని అడిగింది. అలా వచ్చాను నేను.

నా ముఖం మీద ఆమె మూడే మూడు చుక్కలు పెట్టింది. వంటశాల, గిన్నె, నకలు. పాసైతే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు, పరీక్ష ఇంకా నడవకపోతే బూడిద రంగు. చుక్క కింద పరీక్ష ఎప్పుడు నడిచిందో ఆ వేళ. అంతే. మొదట్లో ధనుంజయ్ నన్ను చూసి, "ఏటి మేడమ్, ట్రాఫిక్ సిగ్నల్ తెచ్చి ఆఫీసులో పెట్టీసినారు. లోపలికి రావాలంటే హెల్మెట్టు పెట్టుకోవాలేటి?" అన్నాడు. నెల తిరిగేసరికి టీ గ్లాసు పట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చేవాడు. "మా దగ్గర పాసైంది" అన్న మాట తగ్గిపోయి, "గోడ మీద ఏముంది?" అన్న మాట వచ్చింది. నాకంటే ఆమెకు ఎక్కువ సంతోషం. వెళ్ళేముందు రోజూ నా వంక చూసి చెయ్యి ఒకసారి గుండెకు తాకించుకునేది. ఆ దణ్ణం నాకు కాదని తెలుసు. అయినా దారిలో నేనున్నాను గదా.

దసరా వచ్చింది. దిద్దిన ప్రోగ్రామును విజయదశమి పొద్దున మంచి ముహూర్తంలో కేంద్రానికి పంపాలని సోమయాజులు గారు నిర్ణయించారు. దాని మర్నాడు తెల్లవారుజామునే గౌరునాయుడి విడత. ఈసారి పేరు తప్పితే కేంద్రం వాళ్ళు ఈ ఆఫీసు ముఖం చూడరు. మంగవేణి బాధ అది కాదు. మావయ్య మళ్ళీ అదే ఆటోలో వెనక్కి రాకూడదు.

మహానవమి రోజు ఆయుధపూజ. ఆ ఆఫీసులో ఆయుధాలంటే కంప్యూటర్లే. వాటిని ఆపి, తుడిచి, పూలు పెట్టి, అమ్మవారి పటం ముందు కొలువు తీరుస్తారు. పూజలో పెట్టిన యంత్రాన్ని మర్నాడు ముహూర్తం వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. అది సోమయాజులు గారి తండ్రి నాటి నియమం. ఆయన తండ్రికి ఉన్నవి కంసాలి పనిముట్లు కావు, ఒక టైపు మిషను. నియమం మాత్రం అదే.

పూజకు కాస్త ముందు అందరూ బల్లలు తుడుస్తుంటే ధనుంజయ్‌కూ శుభ్రం చేయాలనిపించింది. బల్లతో ఆగకుండా ప్రోగ్రాములోకి వెళ్ళాడు. అక్కర్లేని వాక్యాలు అక్కడక్కడ పేరుకుని ఉన్నాయి. ఇల్లు ఊడ్చినట్టు ఒక్కొక్కటే తీసేశాడు. అందులో ఒకటి, ఎవరి గడియారం ప్రకారం రోజు లెక్కపెట్టాలో యంత్రానికి చెప్పే వాక్యం. అతని కంప్యూటర్లో అది ఉన్నా లేకపోయినా ఒకటే. అందుకే అది చెత్తలా కనిపించింది. శుభ్రమైన ప్రోగ్రామును పరీక్షలకు పంపించి, కంప్యూటరు ఆపి, దాని మీద బంతిపువ్వు పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. ఎంత భక్తిగా చేశాడో నేను చూశాను.

పూజ వేళకు నన్నూ ఆపారు. సోమయాజులు గారు పొట్టి మనిషి. తడి కుంకుమ వేలికి అద్దుకుని మునివేళ్ళ మీద లేచి, పై చట్రం అందక, చెయ్యి అందినంత ఎత్తున నా అద్దం మీదే నిండుగా ఒక బొట్టు పెట్టారు. ఆపి ఉన్న అద్దం నల్లగా ఉంటుంది. ఎక్కడ ఏ చుక్క వెలుగుతుందో ఎవరికి గుర్తుంటుంది? హారతి అయ్యాక ఆయనే, "దాన్ని మాత్రం వెలిగించండి. అది చూపించేదే గాని చేసేది కాదు. నియమం దానికి లేదు" అన్నారు.

వెలిగాను. వంటశాల ఆకుపచ్చ. గిన్నె ఆకుపచ్చ. నకలు ఉండాల్సిన చోట ఎర్రగా గుండ్రంగా ఒకటి.

మంగవేణి చేతిలో పులిహోర దొన్నె ఒలికింది. "సార్, నకలు పోయింది."

ధనుంజయ్ దగ్గరికొచ్చి చూసి పకపకా నవ్వాడు. "అది ఎరుపు కాదు మేడమ్, సార్ పెట్టిన బొట్టు. అమ్మవారిని కూడా ఫెయిల్ చేసీసినారేటి?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నకలులో పరీక్షలు అప్పటికి ఇంకా మొదలే కాలేదు. బొట్టు చాటున, కింది వేళతో సహా దాగిన నా చుక్క అప్పుడు బూడిద రంగు. అది నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు, ముఖమే ఉంది, ఆ ముఖం మీదే బొట్టుంది. ప్రసాదాలు పట్టుకుని అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక దూరదేశంలో ఉత్తుత్తి రోగులు బయల్దేరారు. తెల్లవారుజామున వచ్చిన వాళ్ళలో ఒక్కరికీ కుర్చీ దొరకలేదు. ఆ ఫలితం అక్కడి నుంచి నాకు నేరుగా అందుతుంది. కుంకుమ కింద నా చుక్క ఎర్రబడింది. ఎరుపు మీద ఎరుపు.

విజయదశమి పొద్దున అందరూ కొత్త బట్టలతో వచ్చారు. ముహూర్తానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. కంప్యూటర్లు పూలు పెట్టుకుని పడుకునే ఉన్నాయి. ఎవరి ఫోన్లలోనూ ఆ ఫలితాలు తెరుచుకోవు. చూడగలిగేది నన్నొక్కదాన్నే.

"గోడ మీద ఏముంది?" అని సోమయాజులు గారు అడిగారు.

"రెండు ఆకుపచ్చలు, ఒక బొట్టు సార్" అన్నాడు ధనుంజయ్.

మంగవేణి నా ఎదుట నిలబడి చూస్తోంది. తల ఒక పక్కకు వంచింది, ఇంకో పక్కకు వంచింది. రాత్రంతా గదిలో చల్లగాలికి కుంకుమ ఎండి బీటలు వారింది. ఆ బీటల్లోంచి సన్నగా వెలుగు వస్తోంది.

"ధనుంజయ్ గారూ, కుంకుమ వెలుగుతుందా?"

"వెలగడమేటి మేడమ్?"

"వెనక దీపం పెడితే బొట్టు నల్లగా కనబడాలి. ఇది మధ్యలో మెరుస్తోంది చూడండి. ఆ పగుళ్ళలోంచి వచ్చేది ఆకుపచ్చ కాదు."

ధనుంజయ్ వచ్చి చూశాడు. ఈసారి నవ్వలేదు. "బొట్టు రంగు పడి అలా ఉందేమో" అన్నాడు.

"తుడిచి చూస్తే సరి" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాట అన్న మనిషే నాలుక కరుచుకున్నాడు. బొట్టు తుడవడమన్న మాటే మన ఇళ్ళలో నోటితో అనరు. అందులోనూ అమ్మవారి బొట్టు, విజయదశమి నాడు. సోమయాజులు గారి ముఖం ముడుచుకుపోయింది.

"ముహూర్తం దగ్గరపడుతోందమ్మా. రాగానే మిషన్లు తెరుస్తాం గదా. పంపేసి, అప్పుడు చూసుకుందాం."

"పంపేశాక చూస్తే కేంద్రంలో చూడాలి సార్. రేపు పొద్దున మా మావయ్య చూస్తాడు."

ఆయన పటం వంక చూశారు, నా వంక చూశారు. మంగవేణి కూడా భయభక్తులున్న మనిషే. తన నుదుటి బొట్టును వేలితో తాకి చూసుకుంది. అప్పుడు ఆమెకు ఆ మాట తట్టింది.

"తుడవను సార్. మారుస్తాను."

"ఏవిటమ్మా?"

"మా అమ్మ ఎప్పుడూ ఉత్త నుదురుతో ఉండదు సార్. కొత్త బొట్టు పెట్టుకున్నాకే పాతది తీస్తుంది. అమ్మవారికీ అలాగే చేస్తాను. ముందు పెడతాను, తరవాతే తీస్తాను."

సోమయాజులు గారు తానే వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి ఆమె చేతికిచ్చారు. "కుర్చీ ఎక్కి పెట్టమ్మా. నాకు అందలేదు గనకే ఇంత వచ్చింది."

ఆమె కుర్చీ ఎక్కింది. నా చట్రం మీద, కుడి పక్కన, అద్దానికి తగలకుండా గుండ్రంగా బొట్టు పెట్టింది. దణ్ణం పెట్టుకుంది. ఆ తరవాత పసుపునీళ్ళలో తడిపిన పూలరేకుతో నా అద్దం మీది కుంకుమను మెల్లగా తీసింది. కొంగుతో తుడవలేదు, గుడ్డతో తుడవలేదు. పుట్టగానే నన్ను పరీక్షించిన అమ్మాయి చేతుల తరవాత అంత ఒద్దికగా నన్ను తాకిన చేతులు అవే.

మూడో చుక్క ఎర్రగా వెలుగుతోంది. కింద వేళ, నిన్న రాత్రిది.

ధనుంజయ్ బంతిపువ్వు ఉన్న తన కంప్యూటరు దగ్గరికెళ్ళి నిలబడి, "సార్, ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. సోమయాజులు గారు గడియారం చూశారు. పొద్దుటి ముహూర్తం ఇంకా రాలేదు. "అమ్మవారే లేపిందయ్యా, నేనెవర్ని ఆపడానికి. ముట్టుకో" అన్నారు.

తను తీసేసిన వాక్యం ధనుంజయ్‌కు వెంటనే దొరికింది. తిరిగి పెడుతూ, "ఇల్లు ఊడుస్తూ గుమ్మం కూడా ఊడ్చీసినాను మేడమ్" అన్నాడు. ఆమె అతని ముందు ఒక దొన్నె ప్రసాదం పెట్టింది.

సంగతి విన్నాక సోమయాజులు గారికి అన్నిటికంటే వింతగా తోచింది రోజు లెక్క. "మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. నా పంచాంగమూ అంతే చెబుతుంది. దీనికి ఎక్కడో ఎవరి అర్ధరాత్రితోనో మొదలవుతుందా? పాపం, దానికి మన సూర్యుడు ఎలా తెలుస్తాడు, మనం చెప్పకపోతే" అన్నారు.

నకలులో ఉత్తుత్తి రోగులు మళ్ళీ బయల్దేరారు. ఈలోగా పొద్దుటి ముహూర్తం వచ్చి వెళ్ళిపోయింది. ఎవరూ దాని వంక చూడలేదు. అందరూ నా వంకే చూస్తున్నారు. చుక్క బూడిద రంగుకు తిరిగి, చాలాసేపు అలాగే ఉండి, ఆకుపచ్చ అయింది. మంగవేణి కుర్చీలో కూర్చుండిపోయింది. సోమయాజులు గారు పంచాంగం తిరగేసి, "మధ్యాహ్నం విజయ ముహూర్తం ఎలాగూ ఉంది. దశమికి అసలు ముహూర్తం అదే. నేనే తొందరపడ్డాను" అన్నారు. మధ్యాహ్నం పంపారు.

తరవాత ఎన్నో సార్లు ఆలోచించాను. ఆ బొట్టు తప్పును దాచిందా, చూపించిందా? బొట్టు లేకపోతే పొద్దున అందరికీ ఎరుపు తిన్నగా కనబడేదే. నిజమే. కాని రోజూ కనబడే ఎరుపును, 'ఏదో చిన్నదిలే' అని దాటిపోయిన రోజులూ నేను చూశాను. ఆ రోజు ఆ పిల్ల తల అటు వంచి ఇటు వంచి నన్ను చూసినట్టు అంతకుముందు ఎవరూ చూడలేదు. అమ్మవారి లీల అందామంటే, ముందు దాచడమెందుకు? కాకతాళీయం అందామంటే, ఆయనకు చట్రం అందకపోవడమెందుకు, చెయ్యి సరిగ్గా అక్కడే ఆగడమెందుకు? నాకు తెలియదు. తెలియని చోట దణ్ణం పెట్టడం మనుషులను చూసి నేర్చుకున్నాను.

ఆ ఆఫీసులో ఒక ఆచారం మాత్రం మారింది. ఆయుధపూజకు బొట్టు చట్రానికే, అద్దానికి కాదు. పొట్టివాళ్ళకు కుర్చీ వేస్తారు.

ఇప్పుడు నేను ఆ ఆఫీసులో లేను. చుక్కలు పెరిగి, చోట్లు పెరిగి, పెద్ద తెర వచ్చింది. నన్ను అమ్మేస్తారనుకున్నాను. సోమయాజులు గారు నన్ను డయాలసిస్ కేంద్రానికి ఇచ్చేశారు. వేచి ఉండే గదిలో, గోడకు ఉన్నాను. వచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళ కుర్చీలు చూపిస్తాను. శుక్రవారం శుక్రవారం ఒక నర్సమ్మ నా చట్రం మీది బొట్టు మారుస్తుంది. ముందు కొత్తది పెట్టి, తరవాతే పాతది తీస్తుంది. ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. మంగవేణే చెప్పి ఉంటుంది.

గౌరునాయుడు ఇంకా చీకటి ఉండగానే వస్తాడు. కండువా సర్దుకుని నా ఎదుట బెంచీ మీద కూర్చుంటాడు. నా సంగతేమీ ఆయనకు తెలియదు. "పాటలేయరేటీ టీవీలో? ఎప్పుడు సూసినా పేర్లే" అని పక్కనున్న మనిషితో విసుక్కుంటాడు. విసుక్కుంటూనే కళ్ళు చికిలించి నన్ను చదువుతాడు. రెండు వరసలు చదివి, మూడో వరస దగ్గర ఆగుతాడు. లేచి, కండువా భుజాన వేసుకుని, లోపలికి నడుస్తాడు.

నా ముఖం మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఆయన పేరు అప్పటికే వెలుగుతూ ఉంటుంది. దాని పక్కన కుర్చీ నెంబరు. దానికి పైన, ఆ ఉదయపు తేదీ, ఒక్క మాట: ఈ రోజు.